హంటర్ సీటు కింద మందు

ఇప్పుడు వాటిని వింటేజ్ విమానాలు అంటున్నారు. మేము పనిచేసిన రోజుల్లోనే అవి పాతవి. హంటర్ అనే యుద్ధవిమానం మీద నేను మొదటిసారి చెయ్యి వేసేనాటికి దాని వయసూ నా వయసూ ఇంచుమించు ఒకటే. నాకు అప్పుడప్పుడే మీసాలు వస్తున్నాయి. దాని రెక్కల కీళ్ల దగ్గర మాత్రం అప్పటికే తుప్పు గీకి రంగు వేసిన మచ్చలున్నాయి.

వరంగల్ దగ్గర మామునూరులో ఎయిర్‌పోర్టు మళ్లీ తెరుస్తారన్న మాట మొదలైనప్పటి నుంచి మా వైపు పిల్లలు విమానాల రిపేరు కోర్సుల్లో చేరుతున్నారు. మడికొండలో మా కాలనీ పిల్లలు ఇద్దరు ముగ్గురు, నేను ఎయిర్‌ఫోర్స్ సర్వీసులో పనిచేశానని తెలిసి, పాత ఫైటర్ల గురించి చెప్పమని వచ్చారు. వాళ్ల ఫోన్లలో హంటర్ ఫొటోలున్నాయి. అది ఎంత వేగంగా పోయేదో, ఎంత ఎత్తుకు పోయేదో వాళ్లకు నాకంటే బాగా తెలుసు. ఆ విమానం మీద పనిచేసిన మనుషులకు ఏమైందని మాత్రం ఒక్కరూ అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో ప్రమోషన్లు, మెడల్స్, బదిలీలు ఉండవు. అవి ఎవరి కథలోనైనా ఒకే తీరుగా ఉంటాయి.

నా పేరు రాజేశం. మా నాన్నకు మట్టెవాడలో ఇనుప సామాను దుకాణం ఉండేది. గడియల మధ్య, బోల్టుల మధ్య పెరిగాను. ఆ దుకాణంలో మా అన్నకు తప్ప ఇంకొకరికి చోటు లేదని అర్థమయ్యాక, డెబ్బైల మొదట్లో సర్వీసులో చేరాను. నాకు ఆర్మమెంట్ ఫిట్టర్ పని ఇచ్చారు. విమానంలో పేలే ప్రతి వస్తువూ మా చేతి కిందే ఉండేది. ఫిరంగులు, రాకెట్లు, బాంబులు, వాటితో పాటు పైలట్ కూర్చునే సీటు. నేను ఎక్కువ కాలం చేసింది ఆ సీటు పనే.

తుపాకి మీద కుర్చీ

సీటు పేలడమేమిటని మా అమ్మ చనిపోయేదాకా అడుగుతూనే ఉంది. ఆమెకు చెప్పినట్టే మీకూ చెబుతాను. విమానం పడిపోతుందని తేలినప్పుడు పైలట్ తన తల పైనున్న హ్యాండిల్‌ను, పసుపూ నలుపూ చారలున్నదాన్ని, రెండు చేతులతో ముఖం మీదికి గుంజుతాడు. సీటు వెనకాల నిలువుగా ఒక పెద్ద గొట్టం ఉంటుంది. అందులోని కార్ట్రిడ్జ్‌లు, అంటే మందు దట్టించిన తూటాలు, పేలి సీటును మనిషితో సహా పైకి విసిరేస్తాయి. ఆ వెంటనే సీటు భుజం పక్కన ఉన్న చిన్న తుపాకి పేలుతుంది. దాంట్లోంచి దూసుకొచ్చిన ఇనుప గుండు ఒక చిన్న పారాచూట్‌ను వెంట లాక్కుపోతుంది. సీటు గాలిలో గిరగిరా తిరగకుండా ఆపేది అదే. నేల మీద ఉన్నప్పుడు ఇవేవీ పేలకుండా పిన్నులు గుచ్చి, వాటికి ఎర్ర బిళ్లలు వేలాడదీస్తాం. కాక్‌పిట్‌లో ఎవరైనా లోతుగా దూరి పనిచేయాల్సి వస్తే, ముందు మేము వెళ్లి మందు మొత్తం బయటికి తీస్తాం. సీటు గురించి తెలుసుకోవాల్సింది ఇంతే. దాన్ని ప్రతిరోజూ, ప్రతిసారీ అలాగే చేయడం మాత్రం మనుషుల వల్ల అవుతుందో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

నాకు పని నేర్పింది సార్జెంట్ కురియన్. కేరళ మనిషి, బక్కపలచగా ఉండేవాడు, గొంతు పెంచేవాడు కాదు. చేరిన కొత్తలో నేను ఒక కాక్‌పిట్ అంచు తుడవడానికి లోపలికి వంగితే, వెనక నుంచి కాలర్ పట్టుకొని గుంజి కింద నిలబెట్టాడు. పిన్ను ఉందా అని అడిగాడు. ఉందని చెప్పాను. నువ్వు చూశావా అన్నాడు. ఉందని అవతలి వాళ్లు చెప్పారన్నాను. ఆ రోజు సాయంత్రం దాకా నన్ను ఏ విమానం దగ్గరికీ రానివ్వలేదు. సెక్షన్ బయట బల్ల మీద కూర్చోబెట్టాడు. వచ్చేపోయే వాళ్లంతా చూశారు.

ఆయన నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. నేను బాధపడేవాణ్ని. తర్వాత తెలిసింది, ఈ పనిలో మెచ్చుకోలు ఉండదని. నువ్వు బాగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగనిదాన్ని ఎవరు చూస్తారు?

బతికినవాడు

నేను సిద్ధం చేసిన సీటు నా సర్వీసులో ఒక్కసారి గాలిలో పనిచేసింది. నేల వదిలిన కాసేపటికే ఇంజిన్ ఆగిపోతే పైలట్ హ్యాండిల్ లాగాడు. విమానం పొలాల్లో పడి కాలిపోయింది, ఆయన పారాచూట్‌తో దిగాడు. ఆ సీటు నాదని తెలిసి సెక్షన్లో అందరూ నా భుజం తట్టారు. కురియన్ మాత్రం స్టోర్ రిజిస్టర్ రాసుకుంటూ కూర్చున్నాడు.

తర్వాతి ఆదివారం నేను బత్తాయిలు కొనుక్కొని మిలిటరీ దవాఖానకు వెళ్లాను. పైలట్ చెక్క పలక మీద వెల్లకిలా పడుకొని ఉన్నాడు. తల తిప్పలేడు. నేను ఆయన ముఖం మీదికి వంగి, సార్, మీ సీటు నేనే కట్టాను అని చెప్పాను. ఆయన హిందీలో, అయితే నా వెన్నెముకకు ఏం చేశావో నీకు తెలిసే ఉంటుంది అన్నాడు. ఆయన ఇక విమానం నడపలేడని డాక్టర్లు ఆ పొద్దునే చెప్పారట. ఆ వయసులో ఆయనకు ఇంకే పనీ రాదు. నన్ను వెళ్లిపొమ్మన్నాడు. బత్తాయిలు స్టూలు మీద పెట్టి వచ్చేశాను.

సెక్షన్‌కు వచ్చి చెబితే, థ్యాంక్స్ చెప్పించుకోవడానికి వెళ్లావు, నీకు అలాగే కావాలి అన్నాడు కురియన్. ఆ మాటకు చాలా రోజులు మండిపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన చెప్పింది నిజమే. మందు బలానికి వెన్నుపూసలు నలిగిపోవడం ఆ కాలపు సీట్లలో మామూలు. మాకు అది తెలుసు. కూర్చునేవాళ్లకు ఎవరూ అంత వివరంగా చెప్పరు, అంతే. ప్రాణం దక్కిందన్న సంతోషం మాకు ఉంది. మిగతాదంతా ఆయన ఒక్కడే మోశాడు.

సదానందం

సదానందం మీటర్ల పని చేసే ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్. నర్సంపేట దగ్గరి పల్లె వాడు. వాళ్లది పత్తి, వరి వేసే ఇల్లు. ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లో మా ఇద్దరిదే ఒకే యాస. మేము పోతానం, వస్తానం అనుకుంటుంటే కోస్తా పిల్లలు నవ్వేవాళ్లు, వాడు ఇంకాస్త ఒత్తి మాట్లాడేవాడు. సెలవు నుంచి వచ్చినప్పుడల్లా చింతకాయ తొక్కు సీసా తెచ్చేవాడు. అది నెల రోజులు రావాలని ఎవరికీ చూపకుండా దాచేవాడు, మొదటి వారంలోనే తనే అందరికీ పంచేవాడు.

ఆ వారం ఎవరో పెద్దవాళ్లు స్టేషన్ చూడటానికి వస్తున్నారు. విమానాలన్నీ వరసగా నిలబెట్టాలి. ఒక హంటర్లో మీటరు పనిచేయడం లేదు. దాన్ని మార్చాలంటే సదానందం కాక్‌పిట్‌లోకి తలకిందులుగా దూరాలి. నేను ఇంజనీరింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లి, ముందు సీటు మందు తియ్యాలి సార్, మధ్యాహ్నం దాకా టైమ్ పడుతుంది అన్నాను. కురియన్ అప్పుడు సెలవులో ఉన్నాడు. పిన్ను ఉంది కదా, చాలు అన్నాడు ఆఫీసర్. కంపెనీ పిన్నులు కొరతగా ఉండి, కొన్ని సీట్లకు మా వర్క్‌షాపులోనే లేత్ మీద చేసినవి వాడుతున్నామని, ఆ ఇనుము మెత్తనిదని, హ్యాండిల్‌కు గట్టిగా తగిలితే వంగిపోతుందని కూడా చెప్పాను. మీ సెక్షన్ ఒప్పుకుంటేనే నా విమానాలు కదలాలా అని అడిగి, నన్ను హ్యాంగర్ అవతల ఫిరంగుల పనికి పంపించాడు.

నేను అక్కడ ఉండగానే చప్పుడు వినిపించింది. సీటు హ్యాంగర్ కప్పుకు తగిలి కింద పడింది. సదానందం దాని దారిలోనే ఉన్నాడు. అంతకంటే రాయను.

ఎంక్వైరీలో నేను ఆఫీసర్‌తో అన్న మాటలన్నీ చెప్పాను. నేను తనతో అలాంటి మాటే అనలేదని ఆఫీసర్ చెప్పాడు. ఇక మిగిలింది పిన్ను. అది మెత్తనిదని, పనికిరాదని మా అందరికంటే ముందు గుర్తుపట్టింది కురియనే. మాతో ఎన్నోసార్లు అన్నాడు. సెలవు నుంచి వచ్చిన ఆయన్ని పిలిచి అడిగితే, పిన్నులు బాగానే ఉన్నాయి అన్నాడు. బయటికి వచ్చాక నేను ఆయన ఎదురుగా నిలబడ్డాను. పింఛను ముందుంది, ఇద్దరు ఆడపిల్లలున్నారు, నువ్వు కూడా నోరు మూసుకో అన్నాడు. గొంతు అప్పుడు కూడా పెంచలేదు. సదానందం సొంత అజాగ్రత్త వల్లే చనిపోయాడని తేల్చారు.

నాకు పని నేర్పింది కురియన్. ఆయన నేర్పినదాంట్లో ఒక్క తప్పు లేదు. ఆయన ముఖం మళ్లీ చూడాలని మాత్రం నాకెప్పుడూ అనిపించలేదు. రెండూ నిజాలే. మీకు పని నేర్పేవాళ్లను మీరు దేవుళ్లను చేసుకోకండి.

ఎంక్వైరీకి ముందే సదానందం శవపేటికతో పాటు నన్నే పంపించారు. కాజీపేటలో రైలు దిగి, వ్యాను మాట్లాడుకొని వాళ్ల ఊరికి పోయాను. అంత్యక్రియలు అయ్యాక వాళ్ల నాయన మల్లయ్య నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయాడు. ఊళ్లోకి కబురు నాకంటే ముందే వచ్చింది.

“నా కొడుకు తప్పు జేసిండని చెప్పిండ్రు బిడ్డా. ఏం తప్పు జేసిండు?”

“ఏ తప్పు జెయ్యలే కాకా. జెయ్యమన్న పని జేసిండు.”

“మరి గట్లెందుకు అంటాండ్రు?”

ఆయనే, నువ్వు పొద్దటి నుంచి ఏం తినలేదంటూ నన్ను లోపలికి తీసుకుపోయి, వాళ్లంతా పస్తున్న ఇంట్లో నా ఒక్కడికి అన్నం పెట్టించాడు. తర్వాతి ఏళ్లలో దుకాణం పని మీద నర్సంపేట వెళ్లినప్పుడల్లా ఆయన దగ్గరికి వెళ్లేవాణ్ని. ప్రతిసారీ ఆ మాటే అడిగేవాడు. పోయేదాకా అడిగాడు.

గిరాకీ లేని విద్య

మొదటి అవకాశం రాగానే సర్వీసు వదిలేశాను. ఇంజిన్ల పని చేసినవాళ్లకు ఫ్యాక్టరీల్లో చోటు దొరికింది, రేడియో పనివాళ్లు దుకాణాలు పెట్టుకున్నారు. ఎజెక్షన్ సీటు కట్టేవాడితో వరంగల్‌లో ఎవరికి పని? మా అన్న దుకాణంలోనే కూర్చున్నాను. మనిషిని కాపాడే పేలుడును ఇన్నేళ్లు చేతుల్లో పట్టుకున్న నేను, తలుపు గడియలకు సరిపోయే స్క్రూలు ఏరి ఇస్తూ మిగతా జీవితం గడిపాను. ఇది తక్కువ పని అనడం లేదు. నాకు వచ్చిన పని అది కాదు అంటున్నాను. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఈ సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. కొన్ని విద్యలు మీరు గేటు దాటి బయటికి రాగానే అక్కడే ఆగిపోతాయి.

కాలేజీ మైదానంలో హంటర్

రెండేళ్ల కింద వరంగల్ శివార్లలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు పాత హంటర్ ఒకటి తెచ్చి సిమెంటు దిమ్మె మీద నిలబెట్టారు. ఇలాంటి పాత విమానాల డొక్కులు వేలంలో కొని, రంగులు వేసి, అడిగిన చోట నిలబెట్టే కాంట్రాక్టర్ ఒకతను దాన్ని తెచ్చిచ్చాడు. కాలేజీ ప్రిన్సిపాల్ శ్రీలత గారు, మా కాలనీ పిల్లల ద్వారా నా సంగతి తెలుసుకొని, ప్రారంభోత్సవానికి ముందు విద్యార్థులతో మాట్లాడమని ఫోన్ చేశారు. ఆ ఫోన్ వచ్చిన రోజు నాకు ఎంత సంతోషమైందో దాచను. చొక్కా ఇస్త్రీ చేయించుకొని వెళ్లాను.

దూరం నుంచి దాన్ని చూసి నిలబడిపోయాను. ఎంత కోపం పెట్టుకున్నా హంటర్ అందాన్ని కాదనలేను. ముక్కు నుంచి తోక దాకా ఒకే గీతలా ఉంటుంది. దగ్గరికి పోయాక చూస్తే, ఆటోకు వేసినట్టు మెరిసే రంగు మందంగా పూశారు. పక్కన ఇనుప నిచ్చెన పెట్టారు. పిల్లలు వరసలో నిలబడి ఒక్కొక్కరే ఎక్కి, సీట్లో కూర్చొని ఫొటోలు దిగుతున్నారు.

అప్పుడు సీట్లో ఒక అమ్మాయి ఉంది. రెండు చేతులూ ఎత్తి తల పైనున్న పసుపు చారల హ్యాండిల్ పట్టుకుంది. స్నేహితురాలు వీడియో తీస్తోంది. హ్యాండిల్‌కు పిన్ను లేదు. నిచ్చెన ఎలా ఎక్కానో నాకు గుర్తు లేదు. చేతులు మెల్లగా వదులు బిడ్డా, దేన్నీ గుంజకు అన్నాను. నేను కూడా వీడియో కోసం ఏదో నటిస్తున్నాననుకొని ఆ అమ్మాయి నవ్వింది. నవ్వుతూనే చేతులు దించింది. ఆమె దిగాక సీటు భుజం వైపు చూశాను. చిన్న తుపాకి అలాగే ఉంది. గుంజితే దాన్ని పేల్చే కడ్డీ కూడా చోటు కదలలేదు. లోపల మందు ఉందో లేదో విప్పితే తప్ప తెలియదు.

కిందికి దిగి శ్రీలత గారిని పక్కకు పిలిచాను.

“మేడం, ఈ సీటు ఖాళీ చేసిండ్రా?”

“అంతా తీసేసినమని కాంట్రాక్టర్ చెప్పిండు సార్.”

“మీరు చూసిండ్రా?”

“నేను చూస్తే నాకేం తెలుస్తది? మీరు చెప్పండి.”

“మందు ఉన్నదనే అనుకోవాలె మేడం. ఎవలన్న గుంజితే సీటు ఆ పిల్లను తీసుకొని ఎగిరిపోతది.”

ఆమె ఇంకో ప్రశ్న అడగలేదు. అప్పటికప్పుడే నిచ్చెన తీయించి పిల్లలను క్లాసులకు పంపించారు. సర్వీసులో ఉన్న అన్నేళ్లలో నా మాట అంత త్వరగా విన్న ఆఫీసర్ ఒక్కడూ లేడు. మంచి బాస్ గురించి చెప్పమని మీరు నన్నడిగితే, ఆ మధ్యాహ్నం గురించే చెబుతాను. నేను ఆమె కింద పనిచేసింది ఆ కాసేపే.

కాలేజీ చైర్మన్ వచ్చాడు. కాంట్రాక్టర్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అది ఉత్త ఇనుప డొక్కని, పెద్దమనిషి పాత కాలం మనిషని, ఫికర్ చేయొద్దని అవతలి నుంచి కాంట్రాక్టర్ నవ్వుతూ చెప్పాడు. చైర్మన్ నాకు మర్యాదగా చాయ్ తెప్పించాడు. రేపు గెస్టు వస్తున్నాడు, తల్లిదండ్రులు వస్తున్నారు, నిచ్చెన మళ్లీ పెట్టక తప్పదు అన్నాడు. శ్రీలత గారు నా ముందే ఆయన్ని ఒక్క రోజు ఆగమని అడిగారు. కుదరదన్నాడు. ఆ సాయంత్రం ఆమె ఎవరినీ అడగకుండా పోలీసులకు ఫోన్ చేశారు. తెల్లారేసరికి బాంబు స్క్వాడ్ కాలేజీ గేటు దగ్గర ఉంది. గెస్టు కారు సగం దారిలోనే వెనక్కి తిరిగింది.

నేను ఎక్కువ చెప్పిన మాట

స్క్వాడ్ వాళ్లు నన్ను దూరంగా కుర్చీలో కూర్చోబెట్టి, అడగాల్సింది అడుగుతూ పని మొదలుపెట్టారు. జాగ్రత్త తెలిసిన మనుషులు. ముందు సీటు వెనక పెద్ద గొట్టం విప్పారు. ఖాళీ. ఎప్పుడో, ఎవరో పద్ధతి ప్రకారం మందు తీశారు. చైర్మన్ నా వైపు చూసి నవ్వాడు. అక్కడున్న వాళ్ల ఫోన్లన్నీ నా వైపు తిరిగాయి.

చిన్న తుపాకి కూడా విప్పండని అడిగాను. విప్పారు. దాంట్లో తూటా ఉంది. పచ్చగా చిలుం పట్టి ఉంది కానీ పేలలేదు. స్క్వాడ్ ఇన్‌స్పెక్టర్ దాన్ని ఇసుక పెట్టెలో పెట్టి, ఇది పేలితే నిచ్చెన మీద నిలబడి ఫొటో తీసేవాళ్ల తల ఉండదు అన్నాడు. ఆ మాట వినడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. ఖాళీ గొట్టం చూసినప్పుడే అందరూ లేచి వెళ్లిపోయారు. వాట్సాప్‌లో తిరిగింది ఆ మొదటి ముక్కే. ముసలాయన చాదస్తానికి ఫంక్షన్ పాడైందని నా ఫొటో మీద రాసి పంపారు. తర్వాత కాంట్రాక్టర్, ముందు జాగ్రత్తగా స్క్వాడ్‌ను పిలిపించింది తానేనని చెప్పుకున్నాడు. చైర్మన్ కాదనలేదు.

నెల తిరగకముందే శ్రీలత గారిని రాజీనామా చేయమన్నారు. అనుమతి లేకుండా కాలేజీలోకి పోలీసులను పిలవడం తప్పు అన్నారు. తెలిసి, హన్మకొండలో వాళ్లింటికి వెళ్లాను. ఏం చెప్పాలో అనుకోకుండానే వెళ్లాను. ఆమె కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తనే మొదలుపెట్టారు.

“ఒక్క మాట అడుగుత సార్. ఆ రోజు సీటు ఎగిరిపోతదన్నరు. పెద్ద గొట్టంల ఉండొచ్చు, చిన్నదాంట్ల ఉండొచ్చు, నాకు తెల్వదు అని ఎందుకు చెప్పలే?”

“భయమైంది మేడం. ఆ పిల్ల చేతులు చూసి భయమైంది.”

“నేను మీ మాటనే పోలీసోళ్లకు చెప్పిన. చైర్మన్ ఆ మాటనే పట్టుకున్నడు. ఖాళీ గొట్టం చూపించి, ఇదేనా ఎగిరిపోయేదని అడిగిండు.”

“చిన్నదాంట్ల ఉన్నది గద మేడం.”

“ఉన్నది. గది ఎవలకు గావాలె?” ఆమె నా ముందున్న ఖాళీ గ్లాసు తీసుకున్నారు. “ఆ పిల్లకు ఏం గాలే, అది సంతోషమే. కాని మీ మీద కోపం లేదని అబద్ధం చెప్పలేను సార్.”

నేను లేచి వచ్చేశాను. ఆమె గేటు దాకా రాలేదు, రావాలని నేను అనుకోలేదు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్న చివరి పాఠం ఇది. అప్పటికి నాకు డెబ్బై దాటాయి. తెలిసింది ఎంతో అంతే చెప్పండి. ఇంకో పిసరు ఎక్కువ చెబితే, వినడం ఇష్టం లేనివాడు ఆ పిసరునే పట్టుకొని మొత్తాన్ని కొట్టిపడేస్తాడు. దెబ్బ మీకు తగలదు. మిమ్మల్ని నమ్మినవాళ్లకు తగులుతుంది.

ఇంకో మూడు

కొన్నాళ్లకు కాంట్రాక్టర్ నాకే ఫోన్ చేశాడు. చాలా గౌరవంగా మాట్లాడాడు. ఇంకో మూడు ఊళ్లలో తాను ఇలాంటి విమానాలే నిలబెట్టానని, ఈ గొడవ విని వాళ్లంతా సేఫ్ అని కాగితం అడుగుతున్నారని, సర్వీసులో చేసినవాణ్ని కనుక నేను సంతకం పెడితే చాలని అన్నాడు.

“వచ్చి చూస్త. ఎక్కడున్నయి?” అని అడిగాను.

“చూసుడెందుకు కాకా. అన్ని ఒక్కతీరుగనే ఉన్నయి.”

“ఒక్కతీరుగ ఉన్నయనే నా భయం.”

ఊళ్ల పేర్లు చెప్పకుండానే ఫోన్ పెట్టేశాడు. తర్వాత నా ఫోన్ ఎత్తలేదు. తెలిసినవాళ్లను అడిగాను, ఎవరికీ తెలియలేదు.

పోయిన చలికాలం శ్రీలత గారి నుంచి ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది. ఆమె ఇప్పుడు వేరే జిల్లాలో ఒక కాలేజీలో తాత్కాలికంగా పాఠాలు చెబుతున్నారు. నన్ను పలకరిస్తూ ఒక్క ముక్క కూడా రాయలేదు. ఒక పార్కులో దిమ్మె మీద హంటర్, పక్కనే నిచ్చెన. కింద ఆ ఊరి పేరు మాత్రం రాశారు. మర్నాడు బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి పెళ్లి ఫొటోలు తీసుకునే జంట ఒకటి అక్కడుంది. పెళ్లికొడుకు నల్ల కళ్లద్దాలు పెట్టుకొని సీట్లో కూర్చున్నాడు. అమ్మాయి నిచ్చెన మీద, అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ చెయ్యి సరిగ్గా చిన్న తుపాకి పక్కన ఉంది. కెమెరా అబ్బాయి హ్యాండిల్ పట్టుకోమని పెళ్లికొడుక్కి చెబుతున్నాడు. నేను దగ్గరికి పోయి నిలబడ్డాను. ఈసారి మాటలు లోపలే కూడగట్టుకొని మెల్లగా చెప్పాను.

“బాబూ, ఆ సీట్ల మందు ఉంటది. దీంట్ల ఉన్నదో లేదో నాకు తెల్వదు. తీసిండ్రో లేదో కూడ తెల్వదు. చూడాలంటే విప్పాలె.”

అతను కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. పిచ్చివాడిలా ఉన్నానేమో అని చూసినట్టున్నాడు. తర్వాత అమ్మాయి చెయ్యి పట్టుకొని జాగ్రత్తగా దించి, తనూ దిగాడు.

“మరి ఎవలకు తెలుసు తాతా?”

“ఎవలకు తెలుసో అడుగుదామనే వచ్చిన.”

పార్కు ఆఫీసులో సోమవారం రమ్మన్నారు. సోమవారం వెళితే నిచ్చెన తీసేసి ఉంది. సీటు విప్పించడం గురించి పైవాళ్లకు చెబుతామన్నారు. ఇప్పటికి రెండుసార్లు వెళ్లి అడిగాను, ఇంకా చెబుతామనే అంటున్నారు. దిమ్మె ఎత్తుగానే ఉంది కానీ ఎవరైనా కుర్చీ వేసుకుంటే కాక్‌పిట్ అందుతుంది.

మిగతా రెండు విమానాలు ఎక్కడున్నాయో నాకు ఇంకా తెలియదు.